బందరు పాత బజారులు: పోయినవి, మిగిలినవి

పట్టణములలో నేడు 'షాపింగ్ మాల్' అను మాట తెలియని ఇల్లు లేదు. ఒకే కప్పు క్రింద బట్టల కొట్టు, చెప్పుల కొట్టు, నగల కొట్టు, పచారీ కొట్టు, మీది అంతస్తులో సినిమాశాల, ప్రక్కనే ఫలహారశాల. ఇట్టి భవనములను మనము నిన్నమొన్నటి వింతలుగా ఎంచుచున్నాము. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున, ఎడైనా అను ఊరిలో, విక్టర్ గ్రూయెన్ అను వాస్తుశిల్పి రూపకల్పన చేయగా 1956లో తెరచిన సౌత్‌డేల్ భవనము ఆ దేశమున ఈ జాతి విపణులకు ఆద్యమని చెప్పుదురు. తరువాత అచ్చట ఇట్టివి ఊరూర వెలసినవి. ఈ శతాబ్దమున వానిలో అనేకము కొనువారు లేక మూతపడినవి. కొన్నింటిని పడగొట్టిరి, కొన్నింటిని వైద్యశాలలుగా, ప్రార్థనామందిరములుగా, కార్యాలయములుగా మార్చుకొనిరి.

అంతంత భవనములు ఎట్లు పాడుపడునని మనవారు ఆశ్చర్యపడుచుందురు. కాని కృష్ణా డెల్టా దిగువ భాగమున నివసించు మనకు ఇందులో ఆశ్చర్యపడవలసినది అంతగా లేదు. ఘంటసాలలోను, బందరులోను ఈ కథ ఇదివరకే పలుమారులు జరిగినది. అంగడి వెలయుట, దేశదేశముల సరకు వచ్చి పడుట, కొంతకాలమునకు సందడి అణగుట, ఆ గోడలను, ఆ రాళ్లను మరియొకరు మరియొక పనికి వాడుకొనుట: ఇవి ఈ నేలకు అలవాటైన సంగతులు.

మేము ఇక్కడ చెప్పదలచిన మాట చిన్నది. బజారు సాధారణముగా దారి మారుటచే చచ్చును. చచ్చిన బజారు నుండి మిగులునవి మూడు: రాయి, పేరు, చేతిపని. రాయి ఎవరికైనను పనికివచ్చును. పేరు తనంతట తానే నిలుచును. చేతిపనికి మాత్రము మరియొక బజారు దొరకిననే బ్రతుకు.

ఘంటసాల రేవు

ఘంటసాల అనగానే మన చెవులకు పాట వినవచ్చును. ఆ ఇంటిపేరు గల గాయకుడు 1922లో గుడివాడకు చేరువనున్న చౌటపల్లిలో జన్మించెను. ఆ ఇంటిపేరుకు మూలమైన ఊరు బందరుకు, దివిసీమకు నడుమ, చల్లపల్లి ప్రాంతమున నున్నది. నేడు చుట్టును వరిచేలు, మధ్యన బౌద్ధ స్తూపపు దిబ్బ. క్రొత్తవారికి అది ఒక పల్లెటూరు మాత్రమే.

క్రీస్తుశకము రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో భూగోళ గ్రంథము వ్రాసిన టాలమీ ఈ తీరమునకు మైసోలియా అని పేరు పెట్టి, ఇందు కొంటకొస్సైలా అను వర్తకస్థానము కలదని చెప్పెను. ప్రాకృత శాసనములలోని కంటకసేల అదియే యనియు, నేటి ఘంటసాల అదియే యనియు చరిత్రకారులు గుర్తించిరి. అచ్చట దొరకిన ఒక శాసనమున శివకుడను మహానావికుని ప్రసక్తి కలదు. అంతకుముందే, మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన 'పెరిప్లస్' అను గ్రంథమున ఈ ప్రాంతమున సన్నని వస్త్రములు విస్తారముగా నేయుదురని చెప్పబడినది. కావున ఈ సీమ బట్టకు విదేశములలో పేరు వచ్చి దాదాపు రెండువేల సంవత్సరములు అయినది.

ఆ రేవు ఏమైనది? కృష్ణ ఏటేట తెచ్చు ఒండ్రుమట్టి సముద్రమును వెనుకకు త్రోయుచు వచ్చినది. నది పాయలు దారులు మార్చుకొన్నవి. ఓడలు రాని చోట అంగడి నిలువదు. ఒకప్పుడు సరకు దిగిన నేల పంటపొలమైనది. అచ్చటి స్తూపపు శిల్పములలో కొన్ని దూరదేశములకు పోయినవి; పారిస్ నగరమున గీమే మ్యూజియములో ఘంటసాల శిల్పము కలదు. ఊరి పేరు మాత్రము, కాలమునకు అరిగియు, ఊరనే యున్నది.

బందరు కోఠీలు

ఘంటసాల అణగిన చాలకాలమునకు బందరు పైకి వచ్చినది. గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానులకు బందరే ముఖ్యమైన రేవు. ఇరాను వర్తకులు, ఆగ్నేయాసియా ద్వీపములకు పోవు వర్తకులు ఇచ్చట దిగుచుండిరి. వారి వెనుక ఐరోపావారు వచ్చిరి. డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇచ్చట కోఠీలు పెట్టిరి. ఆంగ్లేయ కంపెనీకి భారతదేశపు తూర్పు తీరమున నిలకడగా పాదము మోపుటకు చోటిచ్చిన మొదటి ఊళ్లలో బందరు ముఖ్యమైనది.

ఆ కోఠీని ఆంగ్లమున ఫ్యాక్టరీ అనిరి. ఆ మాట విని యంత్రములు తిరుగు కర్మాగారము అని నేటివారు పొరబడుదురు. అది వర్తక ప్రతినిధులు ఉండు ఇల్లు, సరకు దాచు గిడ్డంగి, లెక్కలు వ్రాయు కచేరీ, అన్నియు కలిసినది. దాని పని ఇట్లు జరుగుచుండెను. ఓడలు ఋతుపవనములను బట్టి రావలెను, పోవలెను. ఓడ వచ్చిన దినముననే బజారులో వేల తానులు దొరకవు. అందుచే నెలల ముందే దుబాసీల ద్వారా, స్థానిక వర్తకుల ద్వారా నేతగాండ్రకు బయానా ఇచ్చి, ఇంత పొడవు, ఇంత పన్న, ఇంత సన్నదనము అని మాదిరి చూపి నేయించెడివారు. బట్ట కోఠీకి వచ్చిన పిమ్మట మాదిరితో సరిచూచి, వన్నెవారీగా వేరుచేసి, చలువ చేయించి, అద్దకము వేయించి, మోపులు కట్టి ఉంచెడివారు. బందరు తీరము లోతు తక్కువ. ఓడలు దూరమున లంగరు వేసియుండగా పడవలు అలలపై పోయి సరకు చేర్చెడివి. ఐరోపావారు బదులుగా ముఖ్యముగా వెండి బంగారములు తెచ్చిరి. డచ్చివారు ఇచ్చటి బట్టను తూర్పు ద్వీపములకు తీసికొనిపోయి, అచ్చట దానినిచ్చి లవంగములు, జాజికాయ మున్నగునవి కొనిరి. అనగా ఒక పల్లెలోని మగ్గము కదలిక మీద మూడు ఖండముల బేరము ఆధారపడియుండెను.

1632లో సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఆంగ్లేయులకు ఇచ్చిన ఫర్మానా చరిత్రలో 'బంగారు ఫర్మానా' అని ప్రసిద్ధి చెందినది. ఏటికి 500 వరహాలు చెల్లించి గోలకొండ రేవులలో వర్తకము చేసికొనవచ్చునని దాని సారాంశము.

ఎందుకు మూతపడినవి?

ఇట్టి సంపన్నమైన విపణి ఒక్క దినమున కూలలేదు. ఒక్కొక్క దారియే మూసికొనిపోయినది. 1639లో ఆంగ్లేయులకు మదరాసులో స్థలము దొరకినది. రెండేండ్లలో వారి ముఖ్యస్థానము అచ్చటికి మారినది. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించుటతో బందరుకు రాజధాని అండ తగ్గినది. 1750లో ఫ్రెంచివారు బందరును ఆక్రమించిరి. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు రాత్రివేళ కోటపై బడి దానిని ఆంగ్లేయుల వశము చేసెను. కొనుటకును అమ్ముటకును వెలసిన ఊరు కోట గోడలకు, ఫిరంగులకు లోబడినది.

మరియొక దెబ్బ సముద్రమునకు ఆవలి నుండి తగిలినది. మన అద్దకపు బట్టలు ఐరోపాలో ఎంత ప్రీతిపాత్రములైనవనగా, అచ్చటి నేతవారు గోల పెట్టిరి. ఫ్రాన్సు 1686లో వానిని నిషేధించెను. ఇంగ్లండు పార్లమెంటు 1700లో ఒక చట్టమును, 1721లో అంతకంటె కఠినమైన మరియొక చట్టమును చేసి అద్దకపు బట్టల వాడుకను అరికట్టెను. ఆ నీడలో అచ్చటి అద్దకపు పని పెరిగినది. పిమ్మట యంత్రములు వచ్చినవి. పందొమ్మిదవ శతాబ్దమున మిల్లు బట్ట మన రేవులలోనే దిగసాగినది. అమ్మినవాడు కొనువాడైనాడు.

కోఠీలు పోయినను పేర్లు పోలేదు. మచిలీపట్నమున వలందపాలెము కలదు. హాలెండువారిని మనవారు వలందులు అనిరి. పరాసుపేట కలదు, పరాసులనగా ఫ్రెంచివారు. ఇంగ్లీషుపాలెము కలదు. బందరులో డచ్చివారి సమాధులు కలవు. వానిపై చెక్కిన అక్షరములు పదునేడవ శతాబ్దపు వర్తకుల గృహజీవితమును చెప్పకయే చెప్పును. డచ్చివారు 1824నాటి సంధి ననుసరించి తమ స్థావరములను ఆంగ్లేయులకు విడిచిరి. ఫ్రెంచివారి చిన్న స్థలము మాత్రము అన్నిటికంటె తుదివరకు నిలిచి, స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1947 అక్టోబరులో భారతదేశమునకు చెందినది. వర్తకము ఎప్పుడో ఆగిపోయినను, ఆ నేల హక్కు అంతకాలము కాగితముల మీద బ్రతికియుండెను.

బజారులో అమరావతి రాళ్లు

బందరులోని రాబర్ట్‌సన్‌పేట కథ ఇంకను విచిత్రమైనది. పందొమ్మిదవ శతాబ్దపు మొదటి భాగమున రాబర్ట్‌సన్ అను ఆంగ్లేయ అధికారి అచ్చట ఒక క్రొత్త పేటను, బజారు చౌకును ఏర్పరచెను. ఆ చౌకును అలంకరించుటకు అమరావతి స్తూపపు శిల్పఫలకములను తెప్పించి నిలిపెను. అంతకుముందే, పదునెనిమిదవ శతాబ్ది చివర అమరావతిలో క్రొత్త ఊరు వెలయుచుండగా, ఆ స్తూపపు రాళ్లు కట్టడములకు పోవుట మొదలైయుండెను. బుద్ధుని గాథలు చెక్కిన సున్నపురాతి పలకలు బందరులో కూరగాయలు, ధాన్యము కొనువారి మధ్య నిలిచినవి.

1835లో మదరాసు గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడంతో వచ్చిన బెంజా అను వైద్యుడు ఆ శిల్పములను చూచి వ్రాసెను. తరువాత అవి ఒక దొరగారి తోటకు చేరి, అచ్చటనుండి మదరాసు మ్యూజియమునకు పోయినవి. ఈ ప్రయాణమును గమనింపుడు: స్తూపము నుండి బజారునకు, బజారు నుండి తోటకు, తోట నుండి మ్యూజియమునకు. ప్రతి మజిలీలోను ఆ రాయికి ఒక క్రొత్త పని దొరకినది, ఒక పాత అర్థము జారిపోయినది. ఆ బజారునకు పోకుండిన ఎడల అవి సున్నపు బట్టీలో పడియుండెడివో ఏమో. కాని బజారు అలంకారముగా మారినంతనే అవి ఎచ్చటివో చెప్పువారు తగ్గిపోయిరి. పాతదానిని మరియొక పనికి వాడుకొనుట తప్పు గాదు. దాని పుట్టుక వ్రాసి ఉంచకుండుటయే నష్టము.

ఉప్పెన, కాలువ, రైలు

1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుపై బడినది. ఆ ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరని ఆ కాలపు లెక్క. తరువాత కోటలోని సైన్యమును తరలించిరి. సైన్యముతో పాటు దానిని నమ్ముకొన్న అంగళ్లును పోయినవి.

కాని బందరు క్షీణతను ఉప్పెనపైననే నెట్టుట న్యాయము గాదు. 1852లో ఆరంభించి 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిరి. కాలువలు పారినవి. డెల్టా మాగాణియైనది. ఆ కాలువలే పడవలకు దారులైనవి. ధాన్యము ఊరూరి నుండి బెజవాడకు, ఏలూరుకు, బందరుకు పోసాగినది. 1893లో బెజవాడ వద్ద కృష్ణపై రైలు వంతెన ఏర్పడినది. అంతటితో సరకు సముద్రము వైపు చూచుట మాని రైలు వైపు చూచినది. బందరుకు రైలు 1908లో గాని రాలేదు. వచ్చునప్పటికి బెజవాడ పెద్ద కూడలియైపోయినది. రైలు బందరుకు సరకు తెచ్చుటకు బదులు, బందరు సరకును లోపలికి లాగుకొన్నది.

ఆ దారిపైననే గుడివాడ కలదు. భీమవరము వైపు మరియొక దారి చీలగా అది జంక్షను అయినది. బియ్యపు మిల్లులు, ధాన్యపు వర్తకము అచ్చట పెరిగినవి. బందరు కోల్పోయినదానిలో కొంత గుడివాడకు వచ్చినది. ఒక ఊరి విపణి తగ్గుట సాధారణముగా మరియొక ఊరి విపణి పెరుగుటయే యగును. పోయినదాని కొరకు విచారించునపుడు దీనిని మరువరాదు.

దివిసీమ సంగతి వేరు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో పదివేలమందికి పైగా మరణించిరి. అచ్చట బజారు దారి మారి పోలేదు. కొనువారు, అమ్మువారు, ఇండ్లు, పశువులు కలిసియే పోయిరి. కట్టడములు తిరిగి లేచినవి. పెనుమూడి–పులిగడ్డ వంతెన ఏర్పడిన పిమ్మట రేపల్లె వైపునకు దారి తెరచుకొన్నది. నిన్నటివరకు రేవు దాటుటకు పడవకై వేచినవారు నేడు ఆగకయే పోవుచున్నారు. సుఖమైన మార్పే. కాని ఆగువాడు లేనిచోట అంగడియు ఉండదు.

మూడు విధములైన అంతము

మన ప్రక్కనే మరి రెండు ఉదాహరణములు కలవు. మదరాసులో 1900లో తెరచిన మూర్ మార్కెట్టు తెలుగు పుస్తకప్రియులకును సుపరిచితము. పాత పుస్తకములకు అది పుట్టినిల్లు. 1985లో అది కాలిపోయినది. ఆ స్థలమున నేడు సబర్బన్ రైళ్ల స్టేషను కలదు. హైదరాబాదులో 1935 నాటి మొజంజాహి మార్కెట్టు శిథిలమగుచుండగా బాగుచేసి, 2020లో తిరిగి కళకళలాడునట్లు చేసిరి. అచ్చట అంగళ్లు అంగళ్లుగనే ఉన్నవి. ఒకటి స్థలముగా మిగిలినది. ఒకటి బజారుగా మిగిలినది. బందరు కోఠీలు పేరుగా మిగిలినవి.

బందరులోనే నాల్గవ తరహా కూడ చూడవచ్చును. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు అచ్చట స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. పేరుపలక మారినది, లావాదేవీ ఆగలేదు. ఇక్కడ పేరు పోయి పని మిగిలినది. కోఠీల విషయమున పని పోయి పేరు మిగిలినది.

మిగిలిన చేతిపని

ఇక మూడవ మిగులు, చేతిపని. డచ్చివారు, ఆంగ్లేయులు, ఇరానువారు దేనికొరకు బందరు వచ్చిరో ఆ అద్దకము నేటికిని చావలేదు. మచిలీపట్నము, పెడన ప్రాంతమున కలంకారీ పని సాగుచున్నది. శ్రీకాళహస్తిలో కలముతో చిత్రింతురు. ఇచ్చట ముఖ్యముగా చెక్క అచ్చులతో అద్దుదురు.

దాని విధానము తెలిసిన ఇల్లాలు ఆ దుప్పటిని తేలికగా చూడదు. బట్టను ముందు గంజి పోవునట్లు ఉతికి, కరక్కాయ రసముతో కలిపిన పాలలో ముంచి ఎండబెట్టుదురు. ఇనుమును, బెల్లమును నీటిలో నానబెట్టి పులియబెట్టిన కషాయముతో నల్లని గీతలు అద్దుదురు. ఎరుపు కావలసిన చోట పటికనీరు అద్ది, పారునీటిలో జాడించి, రంగునిచ్చు వేళ్లతోను చెక్కలతోను ఉడికింతురు. పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టును. పూర్వము ఇందుకు చిరివేరు వాడిరి. నీలమునకు నీలిమందు. ఒక్కొక్క రంగునకు మరల ఉతుకుట, మరల ఎండబెట్టుట.

ఇందు పారునీరు ముఖ్యము. నిలువనీటిలో జాడించిన ఎడల అదనపు పటిక కదలి రంగు చెదరును. ఏ కాలువలు ధాన్యమును లోపలికి లాగి రేవును బీదది చేసినవో, ఆ కాలువల నీరే అద్దకమునకు ఆధారమైనది. ఒక దారి మూసినదియు ఆ కాలువయే, ఒక బ్రతుకు నిలిపినదియు ఆ కాలువయే.

నేడు ఈ పనికి వచ్చిన ఆపద ఉప్పెన గాదు, చట్టమును గాదు. రసాయనపు రంగులతో, తెరఅచ్చుతో తీసిన నకలు బట్టలు అదే పేరుతో తక్కువ ధరకు అంగళ్లలో అమ్ముడుపోవుచున్నవి. చెక్క అచ్చు బట్టను గుర్తించుట అంత కష్టము గాదు. అచ్చునకు అచ్చునకు నడుమ కలయికలో రవంత తేడా కనబడును. ప్రతి పువ్వును ఒక్కతీరుగ నుండదు. రంగులు కన్ను చెదరగొట్టవు. నకలు బట్టలో మొదటి పువ్వు, నూరవ పువ్వు వెంట్రుకవాసి తేడా లేక నుండును. ధర అడుగుటకు ముందు ఈ రెండు సంగతులు చూచుట కొనువారి చేతిలోని పని.

2023లో మంగినపూడి వద్ద క్రొత్త రేవు నిర్మాణమునకు శంకుస్థాపన జరిగినది. రేవు వచ్చినచో దారులు మరల మారును. క్రొత్త గిడ్డంగులు వెలయును, కొన్ని పాత గోడలు పోవును. వానిని అన్నిటిని నిలుపుమని మేము కోరుట లేదు. పడగొట్టుటకు ముందు కొలతలు తీసి, ఫోటో పట్టి, అది ఏమి కట్టడమో వ్రాసి ఉంచవలెను. వలందపాలెములో వలందులెవరో, పరాసుపేటలో పరాసులెవరో తెలుపు పలక ఒకటి చొప్పున నిలుపవలెను. మన పాఠశాలల పిల్లలు ఒక్క వేసవిలో ఈ పని చేయగలరు; ఉపాధ్యాయులు పూనుకొనిన చాలును.

చేతిపని విషయమున పలకలు చాలవు. రాయి మ్యూజియములో నిలుచును, పేరు నోటిలో నిలుచును. అచ్చు పట్టిన చేయి మాత్రము వచ్చే నెల బేరము ఉన్ననే నిలుచును. ఆ బేరము నేడు విదేశపు ఓడల చేతిలో లేదు. పండుగకు బట్ట కొను మన ఇండ్ల చేతిలో ఉన్నది.